నాన్న కొలత

టైలరమ్మ క్లబ్బుకి అధ్యక్షురాలు కావడానికి కారణం ఆవిడ గొప్పతనం కాదు, ఆవిడ స్టూలు. ఊళ్ళో నలుగురికీ పనికొచ్చే క్లబ్బు ఒకటి పెట్టాలని అందరూ ఆవిడ కుట్టుకొట్లోనే చేరారు. అక్కడ కూర్చోడానికున్నది మిషను ముందున్న ఆ ఒక్క స్టూలే. మిగతావాళ్ళు గుడ్డల మూటల మీద చతికిలబడి, మెడలు పైకెత్తి ఆవిడతో మాట్లాడాల్సి వచ్చింది. ఎలాగూ పైన కూర్చున్నారు కాబట్టి మీరే అధ్యక్షురాలిగా ఉండండని సెలూన్ ఆయన తేల్చేశాడు. అధ్యక్ష ఎన్నిక అంతటితో అయిపోయింది.

ఊరు ఊరుకుంటుందా? టీలు తాగడానికి వంక దొరికిందని నవ్వి, దానికి టీ క్లబ్బని పేరు పెట్టేశారు. టైలరమ్మకి ఒళ్ళు మండింది. అయినా ఎవరి మీదా నోరు పారేసుకోకుండా మొదటి పని ఏమిటో చెప్పేసింది. ఆస్పత్రి మెట్లకి పట్టుకునే కడ్డీ వేయించాలి.

అందులో తన స్వార్థం కూడా ఉందని ఆవిడే ఒప్పుకుంది. వాళ్ళ నాన్న రిటైరైన పోస్టుమాన్. ఆ మెట్ల మీదే జారి పడ్డాడు. దెబ్బ మానింది గాని మనిషి బెదిరిపోయాడు. మందులు అయిపోయినా ఆస్పత్రి పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. మోసుకెళ్తామంటే ససేమిరా అన్నాడు. ఊరంతా కాళ్ళతో కొలిచిన మనిషి గుమ్మం దాటడం మానేశాడు. ఆయన తనంతట తాను ఆ మెట్లెక్కితే చాలు, జనం క్లబ్బుని ఏమని పిలిచినా పడతానని ఆవిడ అనుకుంది.

కడ్డీ ఎంత ఎత్తుండాలని వెల్డరు అడిగితే, ఆవిడ టేపు కూడా తియ్యలేదు. నాన్న యూనిఫాంలు కుట్టిన చెయ్యి అది. ఆయన భుజమెంతో, నడుమెంతో, చెయ్యి ఎక్కడ ఆనుతుందో అన్నీ కంఠతా వచ్చు. కుట్టు సుద్దతో ఇనప గొట్టం మీద గీత గీసి ఇచ్చేసింది. ఆవిడ కుట్టింది వదులైనా బిగుతైనా, నాన్న తొడుక్కుని ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, సరిపోయింది తల్లీ అని.

వెల్డరు అతికాడు. సెలూన్ ఆయన గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. రంగు ఆరిన రోజు జనం బాగానే పోగయ్యారు, నవ్వినవాళ్ళతో సహా. కూతురు వేయించిందంటే చూడకుండా ఉండలేక నాన్న కూడా వచ్చాడు. చెయ్యి చాచాడు. కడ్డీ ఆయన ఛాతీ దగ్గరుంది.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. టైలరమ్మకి అప్పుడు అర్థమైంది. గీసిన కొలత యూనిఫాం తొడిగిన నాటి నాన్నది. రోజూ పక్కన కూర్చుని అన్నం పెడుతూ కూడా, ఆయన ఇంతగా వంగిపోయాడని తను గమనించనే లేదు. వెల్డరు కంగారుపడి, ఇప్పుడే కోసి దించేస్తానన్నాడు.

"కొయ్యకు," అన్నాడు నాన్న. "నాలాంటి వాళ్ళకి కింద ఇంకోటి వెయ్యి. ఇది మా అమ్మాయి నా కొలతకి చేయించింది."

రెండు చేతులూ పైకెత్తి కడ్డీ పట్టుకున్నాడు. నడుం సాగదీశాడు. పళ్ళు బిగించి, ఆగి ఆగి, ఒక్కో మెట్టే ఎక్కాడు. ఒక్కరూ నవ్వలేదు. సాయం పట్టబోయిన సెలూన్ ఆయన్ని కళ్ళతోనే ఆపేశాడు. పైకి చేరాక వెనక్కి తిరిగి, వీలైనంత నిటారుగా నిలబడి కూతుర్ని చూశాడు.

"సరిపోయింది తల్లీ."

టైలరమ్మ అందరిముందే ఏడ్చేసింది. తన జన్మలో అంత గర్వపడిన రోజు లేదని ఆ రాత్రి స్టూలు మీద కూర్చుని క్లబ్బు వాళ్ళకి చెప్పింది కూడా.

తర్వాత కింద రెండో కడ్డీ వేశారు. ఇప్పుడు క్లబ్బు ఏ పని తలపెట్టినా ముందు వెళ్ళి మనుషుల్ని కొలిచి వస్తారు, కొలిచేది అధ్యక్షురాలే. ఆస్పత్రికొచ్చే ముసలివాళ్ళందరూ కింది కడ్డీ పట్టుకునే ఎక్కుతారు. నాన్న మాత్రం ఇప్పటికీ పైదే పట్టుకుంటాడు.