గాసి అయ్య

“మగోల్ల వార్డులో పడేత్తే రాత్రి నీ కాడ ఎవులుంటారే గుంటా? మత్తులో ఉన్నప్పుడు ఎవడేటి సేసినా అడిగే దిక్కుంటాదా?”

ఇంకా ఆసుపత్రిలో చేరింది లేదు, అప్పుడే ఫోన్లో ఇలా అన్నాను. కాఫీ పళ్లు కల్లంలో ఒక చేత్తో తిరగేస్తూనే ఉన్నాను. అవతల భానుశ్రీ నవ్వింది.

“నువ్వు ముందే సంపేత్తావే అమ్మా నన్ను.”

భానుశ్రీ నా కూతురు. కొడుకు పుట్టాడనుకుని గాసి అని పేరు పెట్టుకున్నాం. ఇటుకల పండగనాడు మగవాళ్లంతా విల్లంబులతో వేటకు వెళ్తే, తను మా ఆడవాళ్లతో కలిసి దారికడ్డంగా దుంగ పట్టుకు, వచ్చేపోయేవాళ్లను పండగ డబ్బులడుగుతూ నిలబడేది. “మా ఇంట ఇలాటి పుటక నేదు. మీ పుట్టింటోల్ల రక్తమే” అనేది మా అత్త, నా మొహంలోకే చూస్తూ. నేను పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. అందరికీ వండి పెట్టాలి కదా.

ఇప్పుడు పట్నంలో బట్టలు కుట్టుకుని బతుకుతోంది. పూర్తిగా ఆడదానిగా మారే ఆపరేషన్‌కి డాక్టర్లు సరేనన్నారు. సర్కారు ఆసుపత్రిలో డబ్బు అడగరు. కానీ ఆధార్‌లో ఇంకా గాసే కాబట్టి మగవాళ్ల వార్డంట. రాత్రిపూట అక్కడ ఆడమనిషిని ఉండనివ్వరంట, మగతోడు ఉండాలంట. ప్రైవేటులో అయితే వేరే గది ఇస్తారు, నన్ను ఉండనిస్తారు. దానికి మా కాఫీ తోట కౌలుకు రాసివ్వాలి. ఆ తోటలో గోతులు తవ్వింది నేను, మిరియం తీగలు చెట్లకెక్కించింది నేను, పళ్లు కోసి మోసుకొచ్చింది నేను. పట్టా మాత్రం ఆయన పేరున ఉంది. ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నా ముందు ఆయన నోరు విప్పాలి.

ఆయన, అంటే నా భర్త సోంబరు, బిడ్డ చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రోజు నుంచీ దాని ఊసే ఎత్తడు.

మాలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవం. ఇన్నేళ్లూ “గాసి అయ్యా” అనే పిలిచాను. ఆ సాయంత్రం అంబలి గిన్నె ముందు పెట్టి “భానుశ్రీ అయ్యా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తలెత్తలేదు.

“తోటైనా రాసియ్యి, నువ్వైనా వార్డులో ఉండు. ఏటో ఒకటి సెప్పు. గుంట అడుగుతోంది.”

అంబలి తాగాడు. చుట్ట వెలిగించాడు. నేను గిన్నెలు తోమాను, కోళ్లను గంప కింద మూశాను, చోళ్లు చెరగడానికి కూర్చున్నాను. ఈయన ఇలాగే పడుకుంటాడు, అక్కడ అది కుట్ల నొప్పితో అంతమంది మగాళ్ల మధ్య ఒక్కతే ఉంటుంది, ఎవడో నవ్వుతాడు, ఎవడో దుప్పటి లాగుతాడు, మంచినీళ్లకు ఎవర్ని పిలుస్తుంది, అనుకుంటూ చెరుగుతున్నాను. చుట్ట ఆరిపోయింది. ఆయన దగ్గాడు.

“తోట ఇయ్యను. వార్డులో నేనుంటాను.”

నా చేతిలో చేట ఆగిపోయింది. ఆయన గోడవైపు తిరిగాడు.

“అక్కడెవులైనా నిన్నడిగితే నేను తండ్రినని సెప్పకు. దాని మేనమామనని సెప్పు.”