నలుగురు బిడ్డలు

ఆనందకుమారి చివరి బెంచీ కింద ఊడ్చి, నడుం పట్టుకుని లేచింది. పదిన్నరకు లాజరస్ శవపెట్టె చర్చికి వస్తుంది. రొయ్యల గుంటల కాపలాదారు, పాపం. ఇరవై ఆరేళ్లుగా ఈ చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే. తాడు లాగి లాగి అరచేతులు కాయలు కాచాయి.

పెట్టె రాగానే పాస్టరు అయ్యగారు బైబిల్లోంచి పాత కాగితం తీశారు. "దైవభక్తుడు, అందరికీ ఆప్తుడు, నలుగురు బిడ్డల తండ్రి..." ఎప్పుడో ఎవరికో రాసిందది. పేరు, వయసు మాత్రం పెన్సిలుతో మారుస్తారు. లాజరస్‌కు ఒక్కతే కూతురు. చచ్చినవాడు లేచి కాదంటాడా!

రెండేళ్ల కిందట ఆమె మొగుడు రాజ్ కుమార్‌కూ అదే చదివారు. గొడ్రాలని జీవితమంతా మాటలు పడ్డ మనిషి ముందు నలుగురు బిడ్డలంటే, వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆమె ఇప్పటికీ మరవలేదు.

ఆ వారమే మొగుడి గురించి నిజం రాయించి పంచుదామని జిరాక్సు కొట్టుకు పోయింది.

"కాగితాలు ఎంతమందికని పంచుతావు పెద్దమ్మా? బ్లాగు పెట్టుకో," అంది కొట్టు నడిపే క్యాథరిన్.

"బ్లాగంటే ఏందమ్మే?"

"నీ సొంత నోటుబుక్కే, నెట్‌లో ఉంటాది. ఎవుర్నీ అడగబళ్లా. ఏ ఊరోళ్లయినా చదవచ్చు."

అప్పట్నుంచీ ఊళ్లో ఎవరు పోయినా నాలుగు నిజాలు ఫోనుకు చెప్పేది. ఫోనే వాటిని అక్షరాలు చేసి బ్లాగులో పెట్టేది. ఇప్పటికి పంతొమ్మిది మంది. చదివేది మాత్రం క్యాథరిన్ ఒక్కతే.

సమాధి అయ్యాక మెట్ల మీద కూర్చుని లాజరస్‌ది చెప్పింది. "కొంగల్ని తోలమని పెడితే, చచ్చిన రొయ్యలు ఏరి వాటికే ఏసేవాడు." అది అయ్యగారికి చూపించింది.

"ఆదివారం ఇది చదవండయ్యా. ఆ కాగితంలో బిడ్డల లెక్కయినా మార్చండి."

"నువ్వు ఊడ్చే పని చూసుకోమ్మా," అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ.

మొహం మాడ్చుకుని కొట్టు ముందు నుంచి పోతుంటే క్యాథరిన్ ఆపింది.

"అందరికీ రాస్తివే, రేపు నీకెవురు రాస్తారు?"

"నాకేముంది మే రాసేదానికి!"

అంది గానీ, చర్చికి తిరిగొచ్చి ఫోను తీసింది. ఆ సాయంత్రం గంట మోగలేదు. ఎందుకా అని వచ్చినవాళ్లకు గంట తాడు కింద గోడకు ఆనుకుని కూర్చుని ఆమె కనిపించింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

మర్నాడు పదిన్నరకు అయ్యగారు అదే కాగితం పెన్సిలుతో దిద్ది చదివారు. "దైవభక్తురాలు, అందరికీ ఆప్తురాలు, నలుగురు బిడ్డల తల్లి..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ వినలేదు. క్యాథరిన్ ఒక్కతే లేచి నిలబడింది. అందరూ తిరిగి చూసేసరికి మళ్లీ కూర్చుంది.

జనం పోయాక ఆమెకు గంట తాడు పక్కన కిటికీలో ఆనందకుమారి ఫోను కనబడింది. తాకితే వెలిగింది. "నా పేరు ఆనందకుమారి. నాకు బిడ్డల్లేరు," అని అంతవరకే ఉంది అందులో.