నొప్పికి అర్హత

"దోసె అంచు మాడింది కాత్యా," అన్నాడు మహీధర్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

మాడదా మరి! దోసె పెనం మీద ఉండగానే కాత్యాయని స్టవ్ గట్టు పట్టుకుని వంగిపోయింది. పొత్తికడుపును ఎవరో తడిగుడ్డ పిండినట్టు పిండేశారు. చున్నీ కింద నడుముకు కట్టుకున్న వేడినీళ్ల సంచీ ఎప్పుడో చల్లారిపోయింది. ఊపిరి బిగబట్టి, నొప్పి కాస్త సడలాక మళ్లీ గరిటె అందుకుంది. "ఇంకోటి వేస్తానుండండి," అని మాడినదాన్ని తన ప్లేట్లోకి తీసుకుంది. ఇల్లాలి ప్లేట్లోకి ఏం వస్తుందో ఏ ఇంట్లోనైనా తెలిసిందే కదా.

గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరుగుతుందట. ఆ జబ్బు పేరు కూడా తనే ఇంటర్నెట్‌లో వెతికి తెలుసుకుంది. ఒకప్పుడు నెలసరికే పరిమితమైన నొప్పి ఇప్పుడు నెలంతా ఆమెతోనే కాపురం చేస్తోంది. "ఆడపుటక పుట్టాక ఇవన్నీ మామూలేనమ్మా. నేను ఆ నొప్పులతోనే వంద మందికి వండి వార్చాను," అంటారు తెనాలి నుంచి వీడియో కాల్లో అత్తగారు. "మా కాత్యాకి ఓర్పెక్కువ," అంటాడు మహీధర్, వచ్చినవాళ్లందరి ముందూ. అది మెచ్చుకోలనుకుని మురిసిపోయిన రోజులు తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. అదే మహానుభావుడు, జలుబు చేస్తే, సింగపూర్ వన్-నార్త్‌లోని ఆఫీసుకు సిక్ లీవ్ పెట్టి, దుప్పటి కప్పుకుని, మిరియాల చారు కోసం మూలుగుతాడు. కూతురు ప్రణవి నయం. "అమ్మా, జస్ట్ టేక్ లీవ్ లా," అంటుంది ఇక్కడి యాసలో. అని తన గదిలోకి పోతుంది. నా ఆఫీసుకు లీవు పెట్టొచ్చు తల్లీ, వంటింటి లీవుకు ఎవరు సంతకం పెడతారు?

కాత్యాయనికి పెద్ద కోరికలేం లేవు. ఒక్క సాయంత్రం వుడ్‌ల్యాండ్స్ తీరం పొడవునా, అవతల మలేషియా ఒడ్డున జోహోర్ దీపాలు చూస్తూ, బెంచీ ఎక్కడుందో వెతుక్కోకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఈ ఊరంతా ఆమెకు బెంచీలుగానే గుర్తు. రైల్లో ఒంట్లో బాగాలేనివాళ్లకని ఉంచిన ప్రత్యేక సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోదు. పైకి కనిపించని నొప్పితో ఆ సీట్లో కూర్చుంటే చూసేవాళ్లేమనుకుంటారోనని భయం. నొప్పి లేని ఒళ్లు ఎలా ఉండేదో మరిచిపోయింది. చిన్నప్పుడు మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందో! ఆ పిల్ల మీద ఎంత బెంగో చెప్పలేం.

అలాంటి రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి నిఖిల ఫోన్ చేసింది. గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు, ఇదే జబ్బు. "ఇక్కడ డాక్టరు గంజాయితో చేసిన మందు రాశాడే. రాత్రంతా నిద్రపోయాను! పొద్దున లేచి ఏడ్చేశాను తెలుసా, ఒళ్లు ఇంత తేలిగ్గా ఉంటుందా అని."

ఆ మాట కాత్యాయనిని పట్టుకుని వదల్లేదు. ఉండబట్టలేక మొగుడికి చెప్పింది. చెప్పడమేంటి, కొంప మునిగింది!

"గంజాయా? నీకు మతి ఉందా? ఇది సింగపూర్! పీఆర్ పోతుంది, ఇక్కడ ఉండే హక్కే పోతుంది, నా ఉద్యోగం పోతుంది. అక్కడికెళ్లి తాగొచ్చినా ఇక్కడ కేసే, తెలుసా?" అని ఆమె ఫోన్ లాక్కుని, వెతికినవన్నీ చెరిపేశాడు. ఇంత హడావిడిలోనూ, నొప్పి అంతగా ఉందా అని మాత్రం అడగలేదు.

ఆమె మళ్లీ వెతుక్కుంది. ఇక్కడ పసిపిల్లల్లో ఏ మందుకూ లొంగని మూర్ఛ లాంటివాటికి, అదీ స్పెషలిస్టు ప్రత్యేకంగా అనుమతి అడిగితే, ఆ మొక్క నుంచి తీసిన ఒక మందు ఇస్తారట. ఆ పసివాళ్ల తల్లుల గురించి చదివి కళ్లు తుడుచుకుంది. వాళ్లకు దొరకాల్సిందే. మరి నాకు? నిఖిలకు మళ్లీ ఫోన్ చేసింది. "నేనక్కడ ఉంటే నాకిచ్చేవారా?"

"నెలల తరబడి నొప్పి ఉండాలి. మామూలు మందులన్నీ వాడినా తగ్గలేదని ఉండాలి. నువ్వేం వాడావు? ఏ డాక్టరుకి చూపించావు?"

కాత్యాయని లెక్క చూసుకుంది. ఏం వాడింది? తెనాలి నుంచి ఎవరొస్తుంటే వాళ్ల పెట్టెలో, ఆవకాయ సీసాల మధ్య అత్తగారు కుక్కి పంపిన బిళ్లలు. ఇక్కడ డాక్టరంటే బోలెడు ఖర్చని, ఊరి మందుల షాపువాడికి అన్నీ తెలుసని, తెలుగువాళ్లందరిళ్లలోలాగే వాళ్లింట్లోనూ ఒక డబ్బా నిండా ఆ బిళ్లలే. నొప్పి వస్తే ఒకటి మింగడం, పనిలోకి దిగడం. అంటే ఇన్నేళ్లలో ఏ డాక్టరుకీ ఆమె నొప్పి సంగతే తెలియదు. చట్టం కాదనడం తర్వాతి మాట. అడగాల్సిన చోట తనెప్పుడైనా నోరు విప్పిందా? బిళ్లతోపాటు ఆ మాటనూ మింగేసింది.

మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకుంది. మహీధర్ కూడా బయల్దేరాడు. ప్రేమతో అనుకునేరు! గంజాయి మాటెత్తుతుందేమోనని కాపలా.

డాక్టరు నడివయసు చైనీస్ ఆవిడ. కాత్యాయని కూర్చోగానే అడిగేసింది, ఆ మందు నాకు రాస్తారా అని. మహీధర్ ముఖం పాలిపోయింది. డాక్టరు కోప్పడలేదు, నవ్వలేదు.

"ఈ నొప్పికి ఇక్కడ ఆ మందు రాయలేను. కానీ మీరు ఇంకా ఏ వైద్యమూ మొదలుపెట్టలేదు. హార్మోన్ మందులున్నాయి, ఆపరేషన్ ఉంది, నొప్పికి ప్రత్యేక వైద్యులున్నారు. ముందు చెప్పండి, సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత?"

"మూడో నాలుగో ఉంటుంది డాక్టర్," అందుకున్నాడు మహీధర్. "తను బాగా మేనేజ్ చేసుకుంటుంది."

"తొమ్మిది," అంది కాత్యాయని.

అతను గిరుక్కున తిరిగి తెలుగులోకి దిగాడు. "తొమ్మిదేంటి? అంత ఉంటే నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పానండీ. ప్రతి నెలా చెప్పాను. మీరు అన్నం తింటూ విన్నారు."

మహీధర్ చిన్నబుచ్చుకుని ఫోన్లోకి తల దించుకున్నాడు. అతని ముఖం చూసి జాలిపడటం ఆమెకు బాగా అలవాటు. ఈసారి పడలేదు.

"కాసేపు మీరు బయట కూర్చోండి," అంది తలుపు వైపు చూపించి. "ఈవిడకి నేను మొదటి నుంచీ చెప్పుకోవాలి."