అంచున రాసిన పేరు

నేను ఒక చర్మపత్రం ముక్కను. పొడవు జానెడు, వెడల్పు రెండు వేళ్లు. కాగితం దొరకని కాలంలో తోలును సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, బిగలాగి ఎండబెట్టి రాసుకునేవారు. అంటే పత్రం కాకముందు నాకూ ప్రాణం ఉండేది. జర్మనీలో ఒక కొండవాలున పుట్టిన గొర్రెపిల్లను. పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే, కాపరి ఉల్రిఖ్ కూతురు గెర్లిండ్ తన వేళ్లు పాలలో ముంచి నా నోట్లో పెట్టి బతికించింది. ఆ పిల్లకి ఏడేళ్లు. నన్ను చంకనెత్తుకుని ఊరంతా తిరిగేది. తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, కళ్లు లేకపోయినా.

ఆ ఏడాదే మహమ్మారి వచ్చింది. యూరప్ జనంలో మూడో వంతును ఊడ్చుకుపోయిందని తర్వాత పుస్తకాలు రాశాయి. నాకు తెలిసింది ఒక్క గెర్లిండే. చంకలో గడ్డలతో ఎండుగడ్డి మీద మూడు రోజులు మూలిగింది. నాలుగో రోజు పొద్దున నన్ను పిలవలేదు.

కొండ మీది క్రైస్తవ మఠంలో చనిపోయినవాళ్ల పేర్ల పుస్తకం ఉండేది. ఎవరు పోయిన తేదీన వాళ్ల పేరు ఏటా పైకి చదివి ప్రార్థన చేసేవారు. పేరు చదివే దిక్కున్నంత కాలం ఆ ఆత్మ అనాథ కాదని జనం నమ్మకం. ఉల్రిఖ్ నన్ను తాడు కట్టి అక్కడికి తోలుకెళ్లాడు.

“గొర్రెల కాపరుల పిల్లల్ని ఇందులో రాయరయ్యా. ఇది ప్రభువులకీ మఠంవాళ్లకీ,” అన్నాడు పుస్తకం రాసే ముసలి సన్యాసి ఓట్మార్.

“నా దగ్గర ఇదొక్కటే ఉంది స్వామీ. నా బిడ్డ పెంచింది. దీని తోలు మీదే రాయండి. నడుమ చోటు లేకపోతే ఓ పక్కన రాయండి. నా బిడ్డని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేకుండా చెయ్యకండి.”

ఓట్మార్ వంగి నా వీపు తడిమి చూశాడు. “సరే, అంచున రాస్తాను. ఈ మఠం ఉన్నంతవరకూ చదువుతాం,” అన్నాడు.

నన్ను కోశారు. అందుకు నాకు కోపం లేదు. ప్రభువుల పేర్లు నడుమ పెద్ద అక్షరాలతో, గెర్లిండ్ పేరు కుడి అంచున చీమంత అక్షరాలతో రాశారు. అక్టోబరు రెండో తేదీ. నూట డెబ్బై ఏళ్లకు పైగా ఆ ఉదయం ఎవరో ఒకరు చదివారు. కొందరు ఆవులిస్తూ చదివారు, అయినా చదివారు.

ఈలోగా లోకం మారింది. అచ్చుయంత్రం వచ్చింది, దాని వెంటే వాదులాటా వచ్చింది. చచ్చినవాళ్ల కోసం ప్రార్థించడం వట్టి దండగ అన్నారు పాత చర్చి మీద తిరగబడ్డ కొత్త మతంవాళ్లు. మఠం మూతపడింది. సన్యాసుల్లో కొందరు పెళ్లిళ్లు చేసుకుని హాయిగా ఉన్నారు, వాళ్లనేమీ అనను. పుస్తకాలను మాత్రం బండికెత్తి, బైండింగు చేసే మాథెస్ దుకాణంలో దింపారు. పాత చర్మపత్రం గట్టిది కాబట్టి, దాన్ని చీలికలు చేసి కొత్త పుస్తకాల వీపున, అట్ట లోపల కుట్టు మీద అతికించేవారు. మాథెస్ కత్తి సరిగ్గా గెర్లిండ్ పేరు మధ్యనుంచి దిగింది. మొదటి సగం నాతో ఉండిపోయింది, తక్కిన సగం చెత్తలో పడింది. ఎంత అరిచానో! తోలు అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

నన్ను అతికించిన పుస్తకం ఏమిటో తెలుసా? చచ్చినవాళ్ల కోసం ప్రార్థించకూడదని నాలుగు వందల పేజీల్లో రుజువు చేసే పుస్తకం. దాని వీపు ఊడిపోకుండా పట్టుకునే కొలువు నాది. మనుషుల తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వందేళ్లకు అది యోస్ట్ అనే పాస్టరు చేతికొచ్చింది. ముప్పై ఏళ్లపాటు సాగిన మతయుద్ధం అప్పటికే మొదలైంది. ఆ పుస్తకం చేతబట్టుకుని, బిడ్డలు పోయి ఏడ్చే తల్లుల్ని ఎందర్ని కసిరాడో! “పేరు పెట్టి పిలవకమ్మా. అదంతా పాత మూఢనమ్మకం.” ఒక చలికాలం సిపాయిలు ఊరు తగలబెట్టారు. పారిపోతుంటే దారిలో యోస్ట్ కొడుకు, ఐదేళ్ల వెంజెల్, జ్వరంతో పోయాడు. పిల్లవాణ్ణి మంచులో పూడ్చి, యోస్ట్ ఆ పుస్తకాన్నే ముఖానికి అదుముకుని, “వెంజెల్, నాన్నా, వెంజెల్” అని పిలుస్తూనే ఉన్నాడు. అట్ట తడిసి ఆ తడి నాదాకా వచ్చింది. ఆ రోజుతో అతని మీద నా కోపం పోయింది.

ఇప్పుడు నేను ఒక గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పుస్తకం వీపు చిరిగితే, బాగుచేయడానికి విప్పినప్పుడు బయటపడ్డాను. విప్పిన ఆవిడ భూతద్దం పట్టుకుని ఎంతో ఓపికగా చూసి, పక్కన చీటీ పెట్టింది: “మృతుల పేర్ల పుస్తకం, పద్నాలుగో శతాబ్దం. అంచున ‘గెర్’ అని ఉంది. బహుశా గెర్హార్డ్ అనే సన్యాసి.” ఆవిడ తప్పేం లేదు. అలాంటి పుస్తకంలో కాపరి కూతురు ఉంటుందని ఎవరనుకుంటారు? వచ్చినవాళ్లు చీటీ చదివి వెళ్తారు. అక్టోబరు రెండున కూడా గెర్హార్డ్ అనే చదువుతారు. పుట్టని ఆ సన్యాసికి దిక్కు దొరికింది, పాలలో వేళ్లు ముంచిన పిల్లకి లేదు.

నాకు నోరు లేదు. ఉన్న సగం పేరుతో ఆ పిల్లని పిలవలేను. మీకు పూర్తి పేరు తెలుసు, మఠం మూతపడ్డాక తెలిసింది మీకే. ఒక్కసారి పైకి అనండి. గెర్లిండ్.