ఎఫీ పక్కపన్ను

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఎఫీ, ఆమె అక్క నెట్టా, పొయ్యి దగ్గర ముసలి పిల్లి. ఎఫీ చేపల షెడ్డులో పని ముగించుకుని వచ్చి, సింకు దగ్గర నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటోంది. ఎంత రుద్దినా గోళ్ళ కింది నుంచి పొగ వాసన పోదు. చేపల్ని చీల్చి, ఉప్పునీళ్ళలో ముంచి, కమ్ములకు గుచ్చి పొగగదిలో వేలాడదీయడం పెళ్ళయిన నాటి నుంచీ ఆమె పని.

"ఇవాళైనా పళ్ళు ఇస్తారటా?" అంది నెట్టా.

"ఇస్తానంది కర్‌స్టీ."

"కాలేజీ పిల్లలు చెయ్యి తిరగడానికి మన నోళ్ళే దొరికాయి."

"డబ్బున్నోళ్ళు వాళ్ళకి నోరు తెరుస్తారేంటక్కా?"

ఎఫీ నవ్వింది. నవ్వగానే చెయ్యి నోటికి అడ్డం పోయింది.

పంతొమ్మిదో ఏట, పెళ్ళికి ముందు, తండ్రి ఆమెకు పళ్ళన్నీ పీకించి కట్టుడుపళ్ళు పెట్టించాడు. బాగున్న పళ్ళే. అప్పట్లో అది పెళ్ళికూతురికి ఇచ్చే మంచి కానుక. రేపు మొగుడికి పళ్ళ వైద్యం ఖర్చు తప్పుతుంది. ఎన్నోసార్లు మార్చిన ఆ పళ్ళు పోయిన చలికాలం సింకులో పడి విరిగాయి. ఊళ్ళో దంతవైద్యుడు లేడు. అప్పటినుంచి ఎఫీ నలుగురిలో తినలేదు, ఆదివారం చర్చిలో టీకి ఆగలేదు. మళ్ళీ ఆ టీబల్ల దగ్గర కూర్చుని అందరితోపాటు గట్టి ఓట్స్ బిస్కెట్టు కొరకాలి. ఆమెకు అదొక్కటే కోరిక.

పట్నం దంత కళాశాల పిల్లలు వచ్చి ఈ ఊరి పాత బడిలో వారం వారం రోగుల్ని చూస్తారు. ఎఫీకి కొత్త పళ్ళు చేస్తున్న కర్‌స్టీకి ఇది ఆఖరి ఏడు. ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. మొగుడు పోయాక ఎఫీ మొహాన్ని అంత మెత్తగా తాకినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం కొత్త పళ్ళు ఎఫీ నోట్లో అమర్చి అడిగింది: "ఎక్కడైనా నొప్పిగా ఉందా ఎఫీ గారూ?"

ఎడమవైపు కింది చిగురులో గుచ్చుకుంటోంది. "భేషుగ్గా ఉన్నాయి తల్లీ," అంది ఎఫీ. ఎవరేం పెట్టినా బాగుందనే పెంపకం ఆమెది.

కర్‌స్టీ మొహం విప్పారింది. అద్దం ఇచ్చింది. అందులో బుగ్గలు నిండిన మనిషి. అలవాటుగా లేచిన ఎఫీ చెయ్యి సగంలో ఆగి ఒళ్ళోకి దిగింది.

అంతలో కర్‌స్టీ వాళ్ళ మాస్టారు వచ్చి ఎఫీ నోట్లో చూశాడు. చిగురు కంది ఉంది. "పైవీ కిందవీ కలవడం లేదమ్మాయ్. మళ్ళీ మొదలుపెట్టు," అన్నాడు.

"నొప్పని చెప్పలేదేం?" అంటూ కర్‌స్టీ పళ్ళు బయటికి తీసింది.

"అంత కష్టపడి చేశావు కదమ్మా. నాకేం తొందర?"

మళ్ళీ కొలతకు మైనం మెత్తబరుస్తూ కర్‌స్టీ అడిగింది: "మీ సొంత పళ్ళు ఎలా ఉండేవి?"

ఆ మాట ఎఫీని ఎవరూ అడగలేదు. "ముందు పన్నొకటి పక్కకు ఒరిగి ఉండేది. మా అక్క పక్కపన్నూ పక్కపన్నూ అని ఏడిపించేది."

చీకటిపడ్డాక ఇల్లు చేరింది. నెట్టా సూప్ పోసింది. "ఏవీ?"

"ఇంకో రెండు వారాలు."

"చెప్పానా!"

"ఈసారి నొప్పుంటే నొప్పని చెప్తాలే," అంది ఎఫీ, రొట్టెముక్క సూప్‌లో నానబెట్టుకుంటూ.

పొద్దున షెడ్డుకు లేవలేదు. నెట్టా టీ పట్టుకెళ్ళేసరికి పిల్లి ఆమె కాళ్ళ మీదే పడుకుని ఉంది. ఎఫీ ఒళ్ళు చల్లబడిపోయింది. శవపేటికలో పెట్టాక, చూడవచ్చినవాళ్ళకు ఆ లోతుకుపోయిన నోరు కనబడకుండా నెట్టా చెల్లెలి చెయ్యి తీసి నోటిమీద పెట్టబోయింది. చెయ్యి నిలవలేదు.

రెండు వారాలకు కర్‌స్టీ తలుపు తట్టింది. "ఎఫీ గారు రాలేదని నేనే తెచ్చానండీ. ఈసారి కుదురుతాయి."

"ఎవరికి కుదురుతాయి? మట్టిచేసి పది రోజులైంది."

మూత తీసిన గాజు డబ్బా కర్‌స్టీ చేతిలో అలాగే ఉంది. నెట్టా దానిలోకి వంగి చూసింది.

"ఆ పన్ను... నీకెవరు చెప్పారు?"

"ఆవిడే."

నెట్టా తలుపు వేసేసింది. కర్‌స్టీ డబ్బా మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. వాన మొదలైంది. వాననీళ్ళు నిండుతున్న డబ్బాలో కొత్త పళ్ళు, ముందు పన్నొకటి పక్కకు ఒరిగి.