బావురుపిల్లి నీడ

పిల్లలూ, జంగపిల్లికీ బావురుపిల్లికీ తేడా ఏందో చెప్పండి చూద్దాం? తెలీదా? సంగం వైపు వరిపొలాల్లో తిరిగేది జంగపిల్లి. కాళ్లు పొడుగు, ఒంటిమీద మచ్చలుండవు. పులికాట్ సరస్సు ఒడ్డున జమ్ముగడ్డిలో ఉండేది బావురుపిల్లి. బలిసిన ఒళ్లు, పొట్టి తోక, బూడిదరంగు మీద వరసగా నల్లమచ్చలు. ఒడ్డున కూర్చుని, పురుగు వాలినట్టు పంజాతో నీళ్లను మెల్లగా తడుతుంది. చేప పైకి రాగానే దూకుతుంది.

గురవమ్మ రోజూ పొద్దున్నే గంప తీసుకొని పోయేది అట్లాంటి ఒక పిల్లి దగ్గరికే. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆమె మొగుడు పోయినాడు. సరస్సులో ఎవరు ఎక్కడ వల వెయ్యాలో కుప్పంలో, అంటే చేపలోళ్ల పల్లెలో, చీట్లు తీస్తారు. ఆ వంతునే పాడు అంటారు. కుప్పానికి పెద్ద ఆమె మరిది ముత్యాలయ్య. ఆ ఏడు చీట్లలోంచి వదిన పేరు తీసేసినాడు.

"ఆడదానికి పాడేంది వదినా? పడవెక్కుతావా?" అని నలుగురిలో నవ్వినాడు.

ఇక పిల్లే దిక్కు. అది బెదరగొట్టిన చేపల్ని మోకాటిలోతు నీళ్లలో నిలబడి చేత్తో పట్టేది. ఆమె ఇద్దరు కూతుళ్ల కడుపులు అట్లా నిండేవి.

ముత్యాలయ్య అదీ ఓర్వలేకపోయినాడు. పొలాలకు కొట్టే పురుగుమందు ఎండ్రిన్‌ను చేప కడుపులో పోసి జమ్ములో వేసినాడు. అది తిని చచ్చిన పిల్లిని గురవమ్మ ఇసకలో పూడ్చింది. నీడ మాత్రం పూడలేదు. ఎప్పటి చోటే ఒడ్డున కూర్చోనుంది. నీళ్లకొచ్చిన ఆడోళ్లు దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి నడిచినారు.

"పాపం, ఊరికే కూర్చోనుండాది. దానికేదన్నా పని చెప్పు, గురవమ్మా," అనింది పొరుగింటి పిచ్చమ్మ.

గురవమ్మ వంగి, నీడకు మరిది పడవ చూపించింది.

ఆ రోజు నుంచి నీడ ముత్యాలయ్య పడవ మొన మీదే. చేపలకు పిల్లి నీడ తెలీదా? అతను వల వేస్తే చాలు, తప్పుకునేవి. పడవ మార్చినాడు. నీడా మారింది.

"మామా, నీ పిల్లి బాగుండాదా?" అని పక్క పడవలోళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

వట్టి వల లాగేవాడికి పాడెందుకని, మరుసటేడు కుప్పం అతని పేరు కొట్టేసింది. ఆ పాడు గురవమ్మకిచ్చింది. ఆమె పడవెక్కింది.

ఒక సాయంత్రం ముత్యాలయ్య వచ్చినాడు. వెనకాలే నీడ.

"వదినా, దీన్ని పిలుచుకో. నీ కాళ్లకు దండం పెడతా. నా బిడ్డలు పస్తుండారు."

"నా బిడ్డలు పస్తున్నప్పుడు నవ్వినావే, మరిదీ."

"పొరపాటైపోయింది. మరి దీన్ని ఎట్లా వదిలించుకునేది?"

"ఎండ్రిన్ పెట్టి చూడు. నీకు తెలిసిన విద్యే గదా."

నీడ చెవులు రిక్కించి ఆమెకేసే చూస్తా ఉంది. ఒక్క పిలుపు పిలిస్తే వచ్చేదే.

"చేపల్లేని చోటికి పోయి బతుకు. ఉప్పుమడుల్లో కూలోళ్లు కావాలంట," అని గురవమ్మ లేచింది. "వల సగమే ఆరేసినా. పొద్దుగుంకుతాంది."

వెనక్కి చూడకుండా ఒడ్డుకు నడిచింది.