కాఫీ పాకంలో పనస తెడ్డు

నేను ఒక పనసచెక్క తెడ్డును. సరిగ్గా చెప్పాలంటే తెడ్డులో సగాన్ని. చేత్తో పట్టుకునే కాడ మిగిలింది, పాకంలో మునిగే రెక్క లేదు. అది ఎలా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నా నారల్లో చిరాకు కదులుతుంది. విరిగినందుకు కాదు. చెక్క అన్నాక ఏదో ఒకనాడు విరుగుతుంది. నోరు విప్పి ఒక్క మాట అడిగితే తీరిపోయేదానికి మనిషి ఎంత చుట్టు తిరిగి వెళ్తాడో, పక్కనే ఉండి, ఏమీ అనలేక చూడవలసి వచ్చినందుకు.

నన్ను చేసింది నర్సీపట్నంలో అప్పలాచారి అనే వడ్రంగి. ఎవరింటి ద్వారబంధానికో కోసిన పనస దుంగలో మిగిలిన ముక్కను నేను. ద్వారబంధానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారట. నాకు నువ్వులనూనె పూసి ఎండలో పడేశాడు. ఒకే చెట్టు మేమిద్దరం. ఈర్ష్య పడలేదని చెప్పను. కానీ గడపకు తెలిసేది పాదాలే. నాకు చేతులు తెలుసు. మనిషి మొహాన్ని సర్దుకోగలడు, గొంతును సర్దుకోగలడు. పొయ్యి ముందు నిలబడి తిప్పుతున్న చేతిని మాత్రం సర్దుకోలేడు.

నేను ఎరిగిన మొదటి చేయి సూరమ్మది. ఊళ్ళో ఏ ఆడపిల్లకు సారె పంపాలన్నా అరిసెలు ఆవిడ ఇంటినుంచే వెళ్ళేవి. ఆవిడకు ఒక నియమం ఉండేది. పాకం ఉడుకుతున్నంతసేపూ పొయ్యి దగ్గర రెండో మనిషి ఉండకూడదు. రెండో కన్ను పడితే పాకం చెడిపోతుందని ఆవిడ నమ్మకం. పాకాలు చెడిపోవడం నేనూ చాలాసార్లు చూశాను. పాత బెల్లం వల్ల, తడి కట్టెల వల్ల, ఆవిడ సొంత పరాకు వల్ల చెడిపోయాయి. కన్ను పడి చెడింది ఒక్కటీ లేదు. కానీ కారణం తెలియనప్పుడు ఎదుటివాళ్ళ కన్ను కంటే చవకైన కారణం మనుషులకు దొరకదు.

సూరమ్మ చేయి వణకడం మొదలైన ఏడాది నన్ను పెద్దకోడలు పాపాయమ్మకు ఇచ్చింది. ఆ ఇంట్లో అది బీరువా తాళాలు ఇచ్చినట్టే. నాతోపాటు నియమం కూడా చేతులు మారింది. చిన్నకోడలు సత్యవేణికి పిండి దంచడం, జల్లించడం, బెల్లం చిదపడం మిగిలాయి. పాకం పొయ్యి ఎక్కగానే ఆమె వంటింటి గడప అవతలికి వెళ్ళి నిలబడేది. అత్తగారు పోయాక కూడా అక్కడే నిలబడింది.

పాపాయమ్మ చేయి గొప్ప చేయి. పాకం పరీక్షకు పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకునేది. ఒక చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ కట్టాలి. అప్పుడు దింపి పిండి కలపాలి. అందరూ ఆమె విద్య ఆ వేళ్ళలో ఉందనుకునేవారు. కాదని నాకు తెలుసు. చుక్క నీళ్ళలో పడకముందే ఆమె తల కొంచెం పైకి లేచేది, మణికట్టు వదులయ్యేది. బెల్లం పచ్చివాసన పోయి, కమ్మటి వాసనకు తిరిగే ఆ క్షణాన్ని ముక్కు పట్టేసేది. ఆ తరవాత వేళ్ళు సాక్షి సంతకం పెట్టేవి, అంతే.

నిరుడు వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. తిరిగి నన్ను పట్టుకున్న రోజు మణికట్టు వదులు కాలేదు. తల లేవలేదు. నీళ్ళలో ఒక చుక్క, మళ్ళీ ఒక చుక్క, మళ్ళీ ఇంకొకటి. వేళ్ళు ఎర్రబడేదాకా. అరిసెలు బాగానే వచ్చాయి, ఎందుకంటే ఉండ పాకం వేళ్ళకు తెలిసే పాకమే. కానీ ఆమెకు వాసన పోయిందని ఆ రోజే నాకు తెలిసింది. నాకు ముక్కు లేదు. ఉడికిన ప్రతిదాన్నీ ఒంట్లోకి పీల్చుకునే గుణం మాత్రం ఉంది. ఆమె నన్ను కడిగి, తుడిచి, మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకుంది. రెండు తరాల బెల్లం వాసన నాలో ఉంది. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. నన్ను మేకుకు తగిలించి వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. కూర మాడితే మంట ఎక్కువైందంది, పాలు విరిగితే పాలవాడిని తిట్టింది. వాసన తెలియకపోవడాన్ని ఆమె ఎలాగో మోస్తోంది. తెలియదన్న సంగతి గడప అవతల ఉన్న మనిషికి తెలిసిపోతే మాత్రం మోయలేదు.

ఇలా ఉండగా ఆశ్వయుజంలో వానలు వెనకపట్టాక, సత్యవేణి కూతురు మృదుల కొండమీదినుంచి దిగింది. లంబసింగి దారిలో చిన్న కాఫీ కొట్టు పెడుతోంది ఆ పిల్ల. కార్తీకం వస్తే మంచు చూడటానికి జనం వస్తారు. వాళ్ళకు వేడివేడి రాగి కేకు, దానిమీద పోయడానికి కొండ కాఫీతో చేసిన తియ్యటి సాసు. బెల్లం, చిక్కటి డికాషను, దాల్చినచెక్క, శొంఠి, మిరియం, కాస్త జాజికాయ, చివర్లో మీగడ. సీసాల్లో దొరికేది తనకు వద్దంది. "పాకం అంటే మా పెద్దమ్మే అని అందరికీ చెప్పేశాను. బోర్డు మీద నీ పేరు రాయిస్తున్నాను" అంది.

పాపాయమ్మ వేళ్ళు నా చుట్టూ బిగిశాయి. సంతోషంతో బిగిసినట్టే కనబడి ఉంటుంది చూసేవాళ్ళకు.

మృదుల ఒక కొలత చెప్పింది. అది విన్నప్పుడు నా జన్మ సార్థకమైందనుకున్నాను. తెడ్డును పైకి తీసి, దాని వీపు మీద వేలితో అడ్డంగా గీత గీయాలి. గీత కలిసిపోకుండా నిలిస్తే సాసు అయినట్టే, అప్పుడే దింపెయ్యాలి. ఇన్నేళ్ళూ నేను తిప్పడానికే పనికొచ్చాను, తేల్చడం నీళ్ళ గిన్నె పని. ఇప్పుడు నా వీపే కొలత.

మొదటిసారి పాపాయమ్మ గీత గీసింది. గీత నిలిచింది. ఆమె దాన్ని చూసింది. నమ్మలేదు. జారుగా ఉన్న ఆ పాకం ఆమె కంటికి నీళ్ళలాగే ఉంది. అంత లేత పాకంలో పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుందని ఆమె చేతులకు తెలుసు. ఇది అరిసె కాదని మెదడుకు తెలుసు. మెదడు చెప్పినంత మాత్రాన చేయి వింటుందా? మునుపైతే ఇలాంటి తగువు ముక్కు తీర్చేది. ఇప్పుడు తీర్చేవాళ్ళు లేరు. ఆమె నీళ్ళ గిన్నె దగ్గరికి జరుపుకుని, వేళ్ళకు ఖాయంగా తెలిసేదాకా, అంటే ఉండ కట్టేదాకా కాచింది.

మర్నాడు మృదుల సీసా తలకిందులు చేసింది. లోపలిది కదల్లేదు. సీసా అడుగు మీద తట్టింది. కదల్లేదు. "పెద్దమ్మా, దీన్ని జీళ్ళలాగ సాగదీసి అమ్మవారి తీర్థంలో కొట్టు పెట్టి అమ్ముకోవాలి" అంది. నవ్వుతూనే అంది. వేణి గడప అవతల నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పాపాయమ్మ కూడా నవ్వింది. అత్తగారి చేయి అలవాటు, అంత తొందరగా మారదు అంది. మొండిదని అనిపించుకోవడం ఆమెకు నయం.

రెండోసారి పాకం ముదరనివ్వలేదు. మృదుల పక్కనే ఉండి చూస్తానంటే నియమం చెప్పి పంపేసింది. ఈసారి తప్పు మరోచోట పడింది. పొడులు వేసి నాలుక మీద పెట్టుకుంటే ఆమెకు తీపి తెలిసింది, చేదు తెలిసింది. దాల్చినచెక్క లేదు, జాజికాయ లేదు. అసలు ఏమీ వెయ్యనట్టే ఉంది. మళ్ళీ వేసింది. చివరికి నాలుకకు చురుక్కుమని తగిలింది మిరియం, శొంఠి. ఏదో ఒకటి తగిలిందన్న ఆత్రంలో అవే గుప్పించింది. నేను ఆ ఘాటులో మునిగి తిరుగుతూ, చాలమ్మా చాలు అనుకుంటున్నాను. తెడ్డు అనుకుంటే ఎవరికి వినబడుతుంది?

మృదుల ఒక చెంచా నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగి, కార్తీకం దగ్గర పడుతోంది, ఈసారికి విశాఖ నుంచి సీసాలు తెప్పించుకుంటాను, నువ్వు శ్రమపడకు అంది. చాలా ప్రేమగా చెప్పింది. ఆ ప్రేమకు పాపాయమ్మ చేయి నా కాడ మీద చల్లబడిపోయింది. ముసలివాళ్ళను పని తప్పించేటప్పుడు వాడే గొంతు అది. సూరమ్మ దగ్గర నన్ను తీసుకున్నప్పుడు ఆమె కూడా అదే గొంతు వాడింది.

"రేపొక్కసారి చేస్తాను. కుదరకపోతే నీ ఇష్టం" అంది పాపాయమ్మ.

ఆ మర్నాటి పాకాన్ని నేను మరిచిపోలేను. బెల్లం కరిగింది, వడకట్టింది. పచ్చివాసన పోకముందే డికాషను పోసింది. ఎంతసేపు కాయాలో తెలియక కాస్తూనే ఉంది. అడుగున కాఫీ అంటుకోవడం నా రెక్కకు తెలుస్తోంది. గడప అవతలినుంచి వేణి గొంతు వినబడింది.

"ఏదో మాడుతున్నట్టుంది అక్కా."

నేను తిరగడం ఆగిపోయింది. అప్పుడు దింపితే సగం దక్కేది. కానీ దింపితే, వేణి చెప్పాకే ఆమెకు తెలిసిందని అర్థం. పాపాయమ్మ ఆ కొద్దిసేపట్లో ఏం ఆలోచించిందో చేతిద్వారా నాకు వరసగా తెలిసింది. ముందు భయం. తరవాత లెక్క. తరవాత పంతం.

"ఇది అలాగే మాడాలి. నీకు తెలీదు, ఊరుకో" అంది.

వేణి ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటు చేశారు. పాకం మాడింది. పొగ కళ్ళకు కనబడ్డాక పాపాయమ్మ పొయ్యి ఆర్పేసి, నన్ను అందులోనే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. చల్లారేకొద్దీ ఆ నల్లటి ముద్ద నా రెక్క చుట్టూ బిగుసుకుంది.

సాయంత్రం తిరిగి వచ్చింది. నన్ను పట్టుకుని లాగింది. గిన్నె నాతోపాటు లేచింది. కింద కాస్త మంట పెడితే వదిలిపోయేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలియదా? జీవితమంతా పాకం గిన్నెలు అలా కడిగిన మనిషి. కానీ అప్పుడు ఆమెకు కావలసింది నన్ను విడిపించడం కాదు. ఏదో ఒకటి విరగడం. గిన్నెను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో వంచింది. మెడ దగ్గర పుటుక్కుమన్నాను.

కాడను చేతిలో పట్టుకుని, నేలమీద అలాగే కూర్చుండిపోయింది. చప్పుడుకు వేణి వచ్చింది. గడప దాటింది. పొయ్యిమీద పాకం లేదు కాబట్టి దాటవచ్చు. గిన్నె కింద మంట పెట్టి, నల్లముద్దతో సహా నా రెక్కను ఊడదీసి, పెరటి గుమ్మం పక్కనే స్నానాల నీళ్ళు కాగుతున్న కట్టెల పొయ్యిలో పడేసింది. అదీ నా సగం అంతం. పనస, బెల్లం, మాడిన కాఫీ, మిరియం అన్నీ కలిసి మండాయి. గాలి ఇటు మళ్ళి పొగ వంటింట్లోకి కొట్టింది.

వేణి దగ్గింది. పమిటతో ముక్కు మూసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ తోటికోడలి వైపు చూసింది. పాపాయమ్మ ఆ పొగలో కదలకుండా కూర్చుని ఉంది. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి కానీ ముక్కు దగ్గర ఒక్క ముడత లేదు. నోరు తెరిచి మామూలుగా ఊపిరి తీసుకుంటోంది.

వేణి చాలాసేపు చూసింది. కూర మాడిన రోజులు, పాలవాడి తిట్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడినట్టున్నాయి ఆమె మొహంలో. పక్కన కూర్చుంది.

"ఎప్పటినుంచి అక్కా?"

పాపాయమ్మ నన్ను తిప్పి తిప్పి చూసుకుంది. "జ్వరం వచ్చిన కాడినుంచి."

"మరి నాకొక మాట చెప్తే ఏటి?"

అమ్మాయికి చెప్పకు అని మాత్రం అంది పాపాయమ్మ. వేణి ఎంత మంచిదో అంత కసి దాచుకున్న మనిషి. ఇన్నేళ్ళు గడప అవతల నిలబడ్డది ఊరికే పోతుందా?

"చెప్పను. కానీ రేపు పాకం దగ్గర నేనుంటాను. ముక్కు నాది, చేయి నీది. ఒప్పుకుంటే చెయ్, లేదంటే విశాఖ సీసాలు ఎలాగూ ఉన్నాయి."

మర్నాడు మబ్బులేని శరత్కాలపు ఉదయం. వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోందని, ఎవరో నన్ను దాని సందులో దోపారు. అక్కడినుంచి చూశాను. పొయ్యి ముందు ఇద్దరు. పాపాయమ్మ చేతిలో ఒక స్టీలు గరిటె ఉంది. ఏ వాసననూ ఒంటికి పట్టనివ్వని, ఒక కడుగుతో అన్నీ మరిచిపోయే జాతి. వేణి గిన్నె మీదికి వంగి చెబుతోంది. ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు చెరకుతోటలా ఉంది. ఇప్పుడు తిరిగింది, డికాషను పోసెయ్. దాల్చినచెక్క పొడి ఇంకొంచెం. మిరియం చాలు, చాలంటున్నాను కదా. ఆ చివరి మాటలో కాస్త అధికారం కూడా ధ్వనించింది.

పాపాయమ్మ గరిటె వీపు మీద గీత గీసింది. నిలిచింది. నా వీపు మీద పడవలసిన గీత అది. చేయి మళ్ళీ నీళ్ళ గిన్నె వైపు వెళ్ళింది, వెళ్ళి సగంలో ఆగింది. ఇంకా నమ్మకం లేదు. ఉంటుందని కూడా నేను అనుకోను. తనకు తెలియనిదాన్ని పక్కమనిషి మాటమీద దింపడం ఆ వయసులో నేర్చుకునే పని కాదు.

"ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. ఆ ఇంట్లో, పాకం ముందు నిలబడి, ఒకరు మరొకరిని ఆ మాట అడగడం నేను వినడం అదే మొదలు.

వేణి కళ్ళు మూసుకుని, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే పీల్చింది.

"దింపెయ్" అంది.

పాపాయమ్మ దింపేసింది. కిటికీ రెక్క నన్ను గట్టిగా అదిమింది. ఆ తరవాత ఇద్దరిలో ఒకరికైనా నీళ్ళ గిన్నె గుర్తు లేదు. అది మధ్యాహ్నం దాకా ఒక్క చుక్కా పడకుండా అక్కడే ఉంది.